అపవాది పక్షమా? గొఱ్ఱెపిల్ల పక్షమా?



అరకు కొండలలో వానలు మొదలైతే మలేరియా జ్వరములు మొదలగును. ఒక ఇంట బిడ్డకు జ్వరము ముదిరినచో, "ఫలానా ముసలమ్మ చిల్లంగి పెట్టింది" అను మాట గూడెమంతా పాకును. మన్యములో ఈ అనుమానముతోనే ప్రాణములు తీసిన సంగతులు ఉన్నవి. విశ్వాసులమైన మనము కూడా కొన్నిసార్లు "ఇది ఆత్మీయ పోరాటము" అని ఆ మాటకు ఆమేన్ చెప్పుచున్నాము.

ప్రకటన గ్రంథము 12వ అధ్యాయము చూతము. యోహాను పత్మాసు ద్వీపమునుండి, క్రీ.శ. 95 ప్రాంతమున, హింసలు ఎదుర్కొనుచున్న ఆసియలోని ఏడు సంఘములకు దీనిని వ్రాసెనని పండితులనేకులు చెప్పుదురు. అక్కడ మిఖాయేలు ఘటసర్పముతో యుద్ధము చేయుచున్నాడు. ఆ సర్పము పేరేమి? అపవాది! అనగా అపవాదు వేయువాడు. రాత్రింబగళ్లు సహోదరులమీద నేరము మోపుటే వాని పని. విశ్వాసులు వానిని కఱ్ఱలతో, కత్తులతో గెలువలేదు. గొఱ్ఱెపిల్ల చిందించిన రక్తమే వారి బలము. ప్రాణము పోవునన్నను మానని సాక్ష్యమే వారి ఆయుధము.

మరి పొరుగింటి వృద్ధురాలిమీద వేలు చూపునప్పుడు మనము ఎవరి పని చేయుచున్నాము? మన పోరాటము మనుష్యులతో కాదని పౌలు ఎఫెసీయులకు వ్రాయలేదా?

డోలీ కట్టియైనను బిడ్డను ఆరోగ్య కేంద్రమునకు చేర్చి రక్తపరీక్ష చేయించుదము. ఇంట దోమతెర కట్టుదము. ప్రార్థన మానకుందుము. నింద మోయుచున్న ఆ ముసలమ్మ గుమ్మములో, ఊరంతా చూచునట్లు, ఆమె ప్రక్కన కూర్చుందము. గొఱ్ఱెపిల్ల సైన్యము చేయు యుద్ధము ఇదే.

ప్రభువు మిమ్మును దీవించును గాక. ఆమేన్.