అయస్కాంతం ఒంట్లోని ఇనుమును లాగుతుందా?

ప్రశ్న: మా మామగారికి అరవై రెండేళ్లు. పదేళ్లుగా బి.పి. బిళ్లలు వాడుతున్నారు. ఈమధ్య ఎవరో చెప్పగా అయస్కాంతాల బెల్టు కొని, బిళ్లలు మానేశారు. రక్తంలో ఇనుము ఉంది గనుక అయస్కాంతం రక్తాన్ని పరుగెత్తిస్తుందట. పెద్ద ఆస్పత్రుల్లోనూ అయస్కాంతంతోనే కణాలను వేరుచేస్తున్నారని వాదిస్తున్నారు. నిజమేనా?
– ఒక కోడలు, తెనాలి

జవాబు: మీ మామగారి రెండు మాటల్లో రెండోది నిజం, మొదటిది కాదు.

మన ఒంట్లో ఉన్న ఇనుమంతా కలిపితే 3, 4 గ్రాములు. అందులో ఎక్కువ భాగం ఎర్రకణాల్లోని హిమోగ్లోబిన్‌లో ఇమిడి ఉంటుంది. అది ఇనుప ముక్కలా ప్రవర్తించదు. ప్రాణవాయువు నిండిన హిమోగ్లోబిన్‌ను అయస్కాంతం ఆకర్షించకపోగా, రవ్వంత వికర్షిస్తుందని 1936లోనే అమెరికాలో పాలింగ్, కోరియెల్ తేల్చారు. ఎమ్మారై యంత్రంలోని అయస్కాంతం ఎంతో బలమైనది. అందులో పడుకున్నవారి రక్తమే ఒక పక్కకు పోగుపడదు. ఇక బెల్టు ఏపాటిది?

మరి ఆస్పత్రుల్లో చేసేదేమిటి? ఒక మిల్లీలీటరు రక్తంలో సుమారు 500 కోట్ల ఎర్రకణాలుంటాయి. కాన్సరు గడ్డ నుంచి తెగి వచ్చిన కణాలు వాటి మధ్య ఒకటో రెండో ఉండవచ్చు. వాటిని ఏరాలంటే, ఆ కణాలకే అంటుకునే సూక్ష్మమైన ఇనుప రజను ముందుగా కలుపుతారు. తర్వాత అయస్కాంతం పెడితే, ఇసుకలోంచి నల్ల రజను వచ్చినట్టు అవి పక్కకు వస్తాయి. ఈ పద్ధతి పరీక్ష ఒకదానికి 2004లో అమెరికా ప్రభుత్వం అనుమతిచ్చింది. పాకిన రొమ్ము కాన్సరులో 7.5 మిల్లీలీటర్ల రక్తంలో 5 లేక అంతకు మించి కణాలు కనిపిస్తే జబ్బు తీవ్రమని అంచనా. 2013లో బోస్టన్ వైద్యులు వెంట్రుకంత సన్నని కాలువలున్న చిన్న పలకలో తెల్లకణాలకు రజను పట్టించి లాగేసి, కాన్సరు కణాలను చెక్కుచెదరకుండా మిగుల్చుకున్నారు.

గమనించారా? ఇదంతా ఒంటి బయట, తీసిన రక్తంతో చేసే పరీక్ష. వైద్యం కాదు.

బెల్టును నమ్మి బిళ్లలు మానేసిన ఒకాయనను పక్షవాతంతో మా వార్డుకు మోసుకొచ్చారు. కుడి చెయ్యి ఇంకా స్వాధీనంలోకి రాలేదు. మీ మామగారిని ఇవాళే తీసుకెళ్లి బి.పి. చూపించండి. డాక్టరు చెప్పిన బిళ్లలు మళ్లీ మొదలుపెట్టించండి. గుండెకు పేస్‌మేకర్ ఉన్నవారైతే అయస్కాంతాలను ఒంటి దగ్గరకే రానివ్వకూడదు. బెల్టుకు పోసిన డబ్బు పోతే పోయింది. మనిషి దక్కాలి కదా!