మొక్క తప్పా? మట్టి తప్పా?
కొత్త ఇంట్లో దిగగానే మనవాళ్లు కడియపులంక నర్సరీలకు వెళ్లి లాన్ గడ్డి, నూరువరహాల మొక్కలు తెస్తారు. కొన్నాళ్లకు నూరువరహాల లేత ఆకులు పసుపుపచ్చగా పాలిపోతాయి. ఈనెలు మాత్రం పచ్చగానే ఉంటాయి. చూశారా మీరెప్పుడైనా? "మంచి మొక్క ఇవ్వలేదు" అని నర్సరీవాళ్లను తిట్టుకుంటారు, పాపం!

ఇల్లు కట్టినప్పుడు రాలిన సిమెంటు, సున్నం పెళ్లలు ఆ మట్టిలోనే పూడిపోయి ఉంటాయి. వాటివల్ల మట్టికి క్షారగుణం వస్తుంది. అప్పుడు మట్టిలో ఇనుము ఉన్నా కరగదు, వేళ్లకు అందదు. ఇనుము అందకపోతే ఆకులో పత్రహరితం తయారు కాదు.

కనుక ముందు గునపానికీ పారకూ పని చెప్పాలంటాను. జానెడు లోతు తవ్వి, పెళ్లలు ఏరి, పశువుల ఎరువు కలపండి. లాన్ గడ్డికి డబ్బెందుకు? కాలవగట్టున గరిక ఊరికే దొరుకుతుంది. ముక్కలు నాటండి, కణుపు కణుపుకూ వేళ్లు తొడుగుతుంది.