ఎస్.జి.పి.టి. మామూలుగా ఉంటే చాలునా?

పిల్లలూ! వేదాద్రికి వెళ్ళి, కృష్ణలో మునిగి, తలనీలాలిచ్చి నరసింహస్వామిని దర్శించుకొనే కుటుంబాలు ఎన్నో. మీలోనూ కొందరికి అలా గుండు గీయించే ఉంటారు. అప్పుడు కత్తికి కొత్త బ్లేడు వేశారో లేదో మీవాళ్ళు చూశారా? బ్లేడుకు అంటిన ఒకరి రక్తం మరొకరి గాటుకు తగిలితే హెపటైటిస్ సి వైరస్ సోకవచ్చు. శుభ్రం చేయని సూదులు, పరీక్షించని రక్తం దానికి ఇంతకంటే పెద్ద దారులు. కలిసి తింటే మాత్రం అంటదు.

మన వైపు కామెర్లనగానే పసరు మందుకు పరుగెత్తుతారు. కలుషితమైన నీటివల్ల వచ్చే హెపటైటిస్ ఎ సాధారణంగా దానంతటదే తగ్గుతుంది. పేరు పసరుకు దక్కుతుంది! హెపటైటిస్ సి తీరు వేరు. అది సోకిన చాలామందికి అసలు కామెర్లే రావు. నూటికి సుమారు 30 మందిలో ఆరు నెలల్లోగా దానంతటదే పోతుంది. మిగిలినవారి కాలేయంలో తిష్ఠ వేస్తుంది. అలాంటివారిలో నూటికి 15 నుంచి 30 మందికి ఇరవయ్యేళ్ళలో కాలేయం గట్టిపడిపోతుంది. దాన్నే సిర్రోసిస్ అంటారు.

జగ్గయ్యపేటలోనో నందిగామలోనో కాలేయ పరీక్ష చేయిస్తే, ఇచ్చే చీటీలో ఎస్.జి.పి.టి. అని ఒక అంకె ఉంటుంది. అది కాలేయ కణాల్లో ఉండే ఎంజైము. కణం దెబ్బ తింటే రక్తంలోకి కారుతుంది, బస్తా చిరిగితే వడ్లు కారినట్లు. లీటరుకు 40 యూనిట్ల లోపుంటే సాధారణంగా "మామూలే" అంటారు. ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకుంటారు. కాని ఆ అంకె ఈవేళ వడ్లు ఎంత కారుతున్నాయో చెబుతుందే గాని, ఇన్నేళ్ళుగా ఎన్ని పోయాయో చెప్పదు. హెపటైటిస్ సి చాలాకాలంగా ఉన్నవారిలో సుమారు నాలుగోవంతు మందికి ఈ అంకె మామూలుగానే ఉంటుంది. మరికొందరిలో ఒక నెల పెరిగి, మరో నెల తగ్గుతుంది. అందుకే ఒక్క చీటీని నమ్మి ఊరుకోవడం తప్పని నేనంటాను.

ఈ వైరస్‌లో 8 జన్యురకాలున్నాయి. మన దేశంలో 3వ రకం ఎక్కువ, తరువాత 1వ రకం. 3వ రకం కాలేయంలో కొవ్వు పేరుకొనేలా చేస్తుంది. అయినా ఎస్.జి.పి.టి. చూసి ఎవరిది ఏ రకమో చెప్పలేం. ఇంటర్‌ఫెరాన్ సూదిమందుల రోజుల్లో ఆ సంగతి తెలిసి తీరాలి: 1వ రకానికి 48 వారాలు, 3వ రకానికి 24 వారాలు చికిత్స. ఇప్పుడు సోఫోస్‌బువిర్, వెల్పటాస్విర్ కలిపిన మాత్రలు అన్ని రకాల మీదా పనిచేస్తాయి. 12 వారాల్లో నూటికి 95 మందికి పైగా నయమవుతుంది.

2013లో అమెరికాలో సోఫోస్‌బువిర్ మాత్ర ఒక్కటి వెయ్యి డాలర్లు! 2015లో మన హైదరాబాదు కంపెనీలు నాట్కో, హెటెరో దాన్ని చౌకగా తెచ్చాయి. 2018 జులై 28న మొదలైన జాతీయ కార్యక్రమం కింద పరీక్ష, మందులు ఉచితం. మందు లేని కాలంలో ఊరుకున్నారంటే అర్థముంది. ఇప్పుడు ఆ సాకు లేదు.

మీ తాతగారో అమ్మమ్మగారో పాతికేళ్ళ క్రితం రక్తం ఎక్కించుకున్నారేమో అడగండి. అయితే ఎస్.జి.పి.టి. ఎంతున్నా సరే, హెపటైటిస్ సి యాంటీబాడీ పరీక్ష చేయించమనండి. వైరస్ పోయాక కూడా యాంటీబాడీలు మిగిలే ఉంటాయి. కాబట్టి అవి కనబడితే, వైరస్ ఇంకా ఉందా అని డాక్టరు రెండో పరీక్ష రాస్తారు.