ఐబ్ చెప్పని సౌదా

సెకండ్ హ్యాండ్‌లో పెద్ద బండి కొని దెబ్బతిన్నవాడి మీద మన ఊళ్లలో ఎవరికీ జాలి రాదు. పాత స్కూటీ కొని మోసపోతే అయ్యో పాపం అంటారు. పాత ట్రాక్టర్ కొని మోసపోతే అమ్మినవాణ్ణి తిడతారు. అదే జర్మనీ బండి అయితే, "ఏనుగుని కొన్నాడండి, మేత ఎవరు పెడతారండి ఆయ్" అని టీ కొట్టు దగ్గర ఒకటే నవ్వు. రావులపాలెంలో రెండు నెలలుగా ఈ నవ్వు వింటున్నాను. మావాళ్లూ తక్కువ తినలేదు. "షౌఖ్ ఎక్కువైతే ఇంతే మియా" అంటున్నారు.

షౌఖ్ గునాహ్ ఎప్పటి నుంచి అయ్యింది? మా చాచా కొడుకు 14 ఏళ్లు కువైట్‌లో కఫీల్ ఇంటి డ్రైవర్. కఫీల్ పిల్లల్ని స్కూల్లో దింపుతూ, వాళ్ల అమ్మీని బజారుకి తీసుకెళ్తూ పెద్ద పెద్ద బళ్లు తోలాడు. ఆ సీట్లో ఒక్కసారైనా సొంత మనిషిగా కూచోవాలని వాడి అర్మాన్. కొత్తది 70 లక్షల పైమాట. పదేళ్లు తిరిగినది ఒక పెద్ద సిటీలో 16 లక్షలకి దొరికింది. వాడికి ఆటోమేటిక్ బండి తెలుసు, ఇంజన్ చప్పుడు తెలుసు. బండి చూడ్డానికి వెళ్లేసరికి డీలర్ ఇంజన్ ముందే వేడి చేసి ఉంచాడు. అరగంట తోలాడు, వెన్నలా నడిచింది. సౌదా కుదిరింది.

మూడో వారం జొన్నాడ వైపు నుంచి వస్తూ గౌతమి బ్రిడ్జి మీద ఉండగా డ్యాష్‌బోర్డు మీద పసుప్పచ్చ హెచ్చరిక వెలిగింది. బండి ఒకే గేర్‌లో బిగుసుకుపోయింది. గేర్‌బాక్స్ తనని తాను కాపాడుకోవడానికి చేసే పని ఇది, లింప్ మోడ్ అంటారు. కుంటి నడక అన్నమాట. వెనక లారీలు హారన్లు కొడుతుంటే అలాగే కుంటుతూ ఇల్లు చేరాడు. మర్నాడు పొద్దున డ్రైవ్‌లో పెడితే నాలుగు సెకన్లు ఖామోష్, తర్వాత ధన్ మని ఒక కుదుపు. చాచీ నజర్ తగిలిందని నిమ్మకాయలు, మిరపకాయలు కట్టింది.

మన దగ్గర లారీ మెకానిక్‌లకి కొదవ లేదు, హైవే మీద ఊరు కదా. కానీ ఈ గేర్‌బాక్స్ వాళ్ల చేతికి అందేది కాదు. ఇందులో కాలితో తొక్కే క్లచ్ ఉండదు. ఎర్రటి ఆయిలే అన్ని పనులూ చేస్తుంది. అది ఒత్తిడితో లోపలి క్లచ్ ప్లేట్లని పట్టుకుంటుంది, వేడిని మోసుకుపోతుంది. గేర్లు మార్చే వాల్వ్‌లు, చాలా బళ్లలో వాటిని నడిపే ఎలక్ట్రానిక్స్ కూడా ఆ ఆయిల్లోనే మునిగి ఉంటాయి. ఆయిల్ పాడైతే అన్నీ పాడే. పైగా ఇప్పటి చాలా బళ్లలో ఆ ఆయిల్ తీసి చూడ్డానికి పుల్ల కూడా ఉండదు. మన అరటి మార్కెట్లో కర్పూర గెల కొనేవాడు పైకెత్తి, తిప్పి, అడుగు హస్తం నలిగిందేమో చూసి మరీ ధర చెబుతాడు. వంద రూపాయల గెలకున్న ఆ హక్కు 16 లక్షల బండికి లేదు. సీలు వేసేశారు. ఈ ఆయిల్ బండి ఉన్నంతకాలం ఉంటుందని కొన్ని కార్ల కంపెనీలు చెబుతూ వచ్చాయి. బీఎండబ్ల్యూ లాంటి ఎన్నో బళ్లకి గేర్‌బాక్స్ తయారుచేసి ఇచ్చే జర్మనీ సంస్థ జడ్‌ఎఫ్ మాట వేరు: 80 వేల నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య, లేదా 8 ఏళ్లకి మార్చాల్సిందే అంటుంది. పదేళ్ల బండి కొనేవాడు మొట్టమొదట అడగాల్సిన రసీదు ఇదే.

బండిని లారీకెక్కించి రాజమండ్రి పంపాం. అక్కడ ఆటోమేటిక్ పని తెలిసిన కుర్రాడు కింద పాన్ విప్పాడు. ఎర్రగా ఉండాల్సిన ఆయిల్ అచ్చం రాజమండ్రి రోజ్‌మిల్క్ రంగులో కారింది. నీళ్లు కలిస్తేనే ఆ రంగు. నీళ్లు కలిస్తే క్లచ్ ప్లేట్ల మీద కాగితం లాంటి పొర జిగురు వదిలి ఊడిపోతుంది, ఎలక్ట్రానిక్స్ తుప్పు పడతాయి. రేడియేటర్ దగ్గర కూలర్ లీకైనా నీళ్లు కలుస్తాయి కదా అనుకున్నాం. ఆ కుర్రాడు మాట్లాడకుండా డ్రైవర్ సీటు విప్పి కార్పెట్ ఎత్తాడు. సీటు పట్టాలకి తుప్పు, మూలల్లో ఎండిన సన్నటి బురద. 1986 ఆగస్టు, 2022 జులై చూసిన గోదావరి వాళ్లకి వరద బురదని ఇంకొకరు పరిచయం చెయ్యాలా?

హఖీకత్ అప్పుడు అర్థమైంది. 2015లో, మళ్లీ 2023లో చెన్నై మునిగింది. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి విజయవాడ మునిగింది. ప్రతిసారీ వందల బళ్లు సీట్ల దాకా నీళ్లలో నానాయి. మరమ్మతు ఖర్చు ఐడీవీలో 75 శాతం దాటితే బీమా కంపెనీ బండిని టోటల్ లాస్ కింద లెక్కకట్టి యజమానికి డబ్బిచ్చేస్తుంది. ఆ బండి వేలంలో చవగ్గా పోతుంది. కొన్నవాడు ఆరబెట్టి, సీట్లు కడిగి, సెంటు కొట్టి, స్కానర్‌తో ఫాల్ట్ కోడ్‌లు చెరిపి మళ్లీ సౌదాకి పెడతాడు. ఆర్సీ పాతదే. యజమాని పేరు, ఇంజన్ నంబరు, రంగు అన్నీ అందులో ఉంటాయి, "వరదలో మునిగింది" అని రాసే గడి మాత్రం ఉండదు. అమెరికాలో ఇలాంటి బండి టైటిల్ పత్రం మీద సాల్వేజ్ అనో ఫ్లడ్ అనో ముద్ర వేసే పద్ధతి ఉంది. అక్కడా మోసాలు జరుగుతాయి, కానీ ముద్ర దాచడానికి ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి పరుగెత్తాలి. ఇక్కడ ఆ కష్టం కూడా లేదు. రెండేళ్లకోసారి ఒక నగరం మునిగే దేశంలో ఆర్సీ మీద ఒక్క గడి పెంచలేమా?

డీలర్‌కి ఫోన్ చేస్తే ఒక్కటే జవాబ్: "ఉన్నది ఉన్నట్టు అమ్మాం, మీరు చూసుకునే కొన్నారు." కాగితం మీదా అదే రాసి ఉంది. మేం అడగలేదు, అతను చెప్పలేదు. అతని లెక్కలో ఖామోషీ ధోకా కాదు.

ఈ లెక్కకి చట్టంలో ఓ పాత గుర్రం అండ ఉంది. 1872 కాంట్రాక్ట్ చట్టం 17వ సెక్షన్‌లో ఉదాహరణలు ఇచ్చారు. ఒకడు జబ్బు గుర్రాన్ని తెలిసీ వేలంలో అమ్మాడు, ఏమీ మాట్లాడలేదు. అది మోసం కాదట. అదే కొన్నది అప్పుడే మైనారిటీ తీరిన సొంత కూతురైతే చెప్పాల్సిందేనట! కూతురు కాని మనం ఏమైపోవాలో మరి. ఇక మూడో ఉదాహరణ మనకి పనికొచ్చేది. నువ్వు కాదనకపోతే గుర్రం బాగుందనే అనుకుంటానని కొనేవాడు ముందే అన్నాడు, అమ్మేవాడు నోరు మెదపలేదు. ఇక్కడ ఆ మౌనం మాటతో సమానం. అదే సెక్షన్ ఇంకోటి కూడా చెబుతుంది: తెలిసిన నిజాన్ని పనిగట్టుకుని దాస్తే అది మోసమే. బురద కడగడం, కోడ్‌లు చెరపడం ఖామోషీ కిందకి ఎలా వస్తాయి?

మా వైపు ఇదే సంగతి వేరేలా చెబుతారు. ప్రవక్త బజారులో ధాన్యం రాశిలో చెయ్యి పెడితే లోపల తడి తగిలింది. వాన పడిందన్నాడు వర్తకుడు. మరి ఆ తడిసినది జనానికి కనపడేలా పైన ఎందుకు పెట్టలేదని అడిగారాయన. అడగడం కొనేవాడి పని కాదు, చూపించడం అమ్మేవాడి పని. దాచిన ఐబ్ బయటపడితే సౌదా వెనక్కి తిప్పే హక్కుని ఖియారె ఐబ్ అన్నారు ఫఖీహ్‌లు. ఖరీదు, రసీదు, జామీను, ఫిర్యాదు, వకీలు, హక్కు - బేరసారాల మాటలు ఇన్ని తెలుగులోకి మా జబాన్ దారిలో వచ్చాయి. డిగ్రీలో తెలుగు చదివే రోజుల్లో ఈ జాబితా రాసుకుని మురిసిపోయేవాణ్ణి. ఐబ్ మాత్రం మా గల్లీ దాటి వినపడదు.

కొనబోయేవాళ్లు ఆ మూడో ఉదాహరణని వాట్సాప్‌లో పెట్టండి. "బండి ఎప్పుడూ నీళ్లలో మునగలేదని, గేర్‌బాక్స్ విప్పలేదని, టోటల్ లాస్ క్లెయిమ్ లేదని నమ్మి కొంటున్నాను. కాదంటే ఇప్పుడే చెప్పండి." బయానా ఇవ్వకముందే పంపాలి. పంపాం కదా అని చూడకుండా కొనొద్దు. మామూలు జాగ్రత్తతో తెలిసేదాన్ని తెలుసుకోకపోతే, అవతలివాడు మౌనంగా ఉండి చేసిన మోసానికి సౌదా రద్దు చేసుకునే దారి మూసుకుపోతుందని అదే చట్టం 19వ సెక్షన్. కాబట్టి రాత్రంతా ఆగి ఉన్న చల్లటి ఇంజన్ మీద ఒకసారి, గంట తోలాక ఒకసారి చూడాలి. రివర్స్‌లో ఎంతసేపటికి కదులుతుందో లెక్కపెట్టాలి. కార్పెట్ ఎత్తనివ్వకపోతే లేచి వచ్చెయ్యాలి. పాత బళ్ల డీలర్లకి రిజిస్ట్రేషన్ అథారిటీ అనుమతి ఉండాలని 2023 ఏప్రిల్ 1 నుంచి నిబంధన ఉంది, ఆ సర్టిఫికెట్ అడగండి.

ఇప్పటికే ఇరుక్కున్నవాళ్లకి: ఆటోమేటిక్ ఫోర్ వీల్ డ్రైవ్ బండిని ట్రాక్టర్‌కి తాడు కట్టి లాగించకండి, బాగున్న భాగాలూ పోతాయి. నాలుగు చక్రాలూ నేల తాకకుండా లారీ మీదే పోవాలి. గేర్‌బాక్స్ తొందరపడి బాగు చేయించకండి, సాక్ష్యం అందులోనే ఉంది. ఆయిల్ ఇద్దరి ముందు సీసాలో పట్టి సీలు వేయండి, బురద ఫొటోలు తీయండి, మెకానిక్‌తో తేదీ వేసి రాయించుకోండి. బండి సొంతానికి కొన్నదై, ధర 50 లక్షలు దాటకపోతే రెండేళ్లలోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేయొచ్చు. 2019 చట్టం వచ్చాక డీలర్ ఊరికి తిరగక్కర్లేదు, మీరుండే చోటే వేయొచ్చు. మావాడి గేర్‌బాక్స్‌కి 6 లక్షల ఎస్టిమేట్ వచ్చింది. వకీలు నోటీసు పోయిన జుమ్మా రోజు పోస్టులో వెళ్లింది.