మన బడుల తూనిక

ఏ రాష్ట్రమున చదువు మేలు? ఏ రాష్ట్రమున కీడు? ఈ ప్రశ్న కొన్నియేండ్లుగా మన దేశమున నొక పందెముగా మాఱినది. ఢిల్లీనుండి పట్టిక వెలువడును. పైమెట్టు దొరకిన రాష్ట్రపు మంత్రి పత్రికలకు ప్రకటన నిచ్చును. క్రిందిమెట్టు దొరకిన రాష్ట్రపు మంత్రి పట్టికనే తప్పుపట్టును. నాలుగు దినములకు ఇరువురును మఱచిపోవుదురు. బడిలో కూర్చున్న పిల్లకు ఈ సందడి తెలియనే తెలియదు. నేను ఉపాధ్యాయుడను, తూనికకు వెఱచి ఈ మాట వ్రాయుటలేదు. తూచుచున్నది బియ్యమునో, బియ్యపు సంచినో చూచుకొనుడని మాత్రమే నా మనవి.

కేంద్ర విద్యాశాఖవారు 2017-18 మొదలుకొని వేయి మార్కులకు రాష్ట్రముల విలువ కట్టనారంభించిరి. తొలి నాలుగు పర్యాయములలో ఆ వేయి మార్కుల పంపక మెట్లుండెనో చూడుడు. పరిపాలనా విధానములకు 360, సమానత్వమునకు 230, పిల్లలు నేర్చిన చదువునకు 180, కట్టడములు మొదలగు వసతులకు 150, బడి అందుబాటునకు 80. అనగా కచేరీ కాగితములకు దక్కిన గౌరవములో సగమే పిల్లల చదువునకు దక్కినది. 2021-22లో ఈ పద్ధతిని సవరించి, పరిపాలనను 130కి దించి, చదువును 240కి పెంచిరి. సవరణ మంచిదే. అయినను వేయింట 760 మార్కులు చదువునకు గాక, చదువు చుట్టునున్న వానికే చెందినవి. పెండ్లికి పోయి పందిరిని, పల్లకిని, బాజాలను మెచ్చుకొని, వధూవరులను కడపట పలుకరించినట్లున్నది.

పట్టిక లేకున్న ప్రభుత్వమునకు సిగ్గెట్లు కలుగునని కొందఱందురు. ఆ వాదమును నేను త్రోసిపుచ్చను. ‘అసర్’ వారు పల్లెపల్లెకు పోయి, ఇంటింట పిల్లలచేత చదివించి చూడకున్నచో, గ్రామసీమల ప్రభుత్వ పాఠశాలలలో మూడవ తరగతి పిల్లలు రెండవ తరగతి పాఠమును చదువగలవారు 2022లో నూటికి 16 మంది, 2024లో 23 మంది మాత్రమేనని మనకు తెలియకపోయెడిది. ఆ తూనిక పిల్లలను తూచినది, దానిని శిరసావహింతును. నేను నిరసించునది రాష్ట్రము నొక మనిషిగా భావించి, ఆ మనిషికి మార్కులు వేయుటను. రాష్ట్రము బడికి పోదు. బడికి పోవునది పిల్ల.

ఇతర రాష్ట్రములను చూడవలదా? చూడవలయును, కాని మార్కులను గాదు, కారణములను చూడవలయును. 2011 జనాభా లెక్కలలో అక్షరాస్యులు కేరళమున నూటికి 94, హిమాచలప్రదేశమున రమారమి 83, నేటి తెలంగాణ ప్రాంతమున 66.5. కేరళపు సంఖ్య నిన్నమొన్నటి మంత్రులు సంపాదించినది కాదు. ప్రజల చదువునకగు వ్యయమును ప్రభుత్వమే భరింపవలయునని 1817లోనే తిరువాన్కూరు రాణి గౌరీ పార్వతీబాయి శాసించెను. అయినను అంటరానివారని త్రోయబడిన బిడ్డలకు బడి తలుపు తెఱువబడలేదు. ఇరువదవ శతాబ్దారంభమున అయ్యంకాళి నాయకత్వమున కూలిజనులు, తమ బిడ్డలను బడిలో చేర్చుకొనువఱకు పొలములలో దిగమని పని మానిరి. పట్టికలో కేరళపు మార్కులు కనబడును, అయ్యంకాళి కనబడడు. హిమాచలప్రదేశము మైదానపు సంపద గల సీమ కాదు. కొండలపై చెదరియున్న చిన్నపల్లెలకు సైతము బడిని, బడికి ఉపాధ్యాయుని ఇచ్చినది. ఆడుపిల్లలను మగపిల్లలతోపాటు బడికి పంపినది. 1999లో వెలువడిన ‘ప్రోబ్’ నివేదిక ఉత్తరదేశపు పెద్ద రాష్ట్రములతో పోల్చి ఈ సంగతినే చాటినది. మనము నేర్వవలసినది ఇది.

మన సంగతి అడిగిన, ‘నైజాము పాలన’ యను జవాబు సిద్ధముగ నుండును. అది అబద్ధము కాదు. నాడు రాజభాష ఉర్దూ. 1918లో వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయమున బోధనాభాషయు ఉర్దూయే. తెలుగు పుస్తకము చదువుకొనుటకై మన పెద్దలు 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును, 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయమును తామై నెలకొల్పుకొనవలసివచ్చినది. కాని ఆ రాజ్యము 1948లో అంతరించినది. నాడు పలక పట్టవలసిన వయస్సులో నున్నవారు నేడు ముత్తాతలైరి. ఇంకను నైజామును చూపి ఎంతకాలము తప్పుకొందుము? 2023-24 బడ్జెటులో తెలంగాణము విద్యకు కేటాయించినది నూటికి 8కి లోపు. రాష్ట్రముల సగటు 14కు పైమాట. ఈ లెక్కను ఏ నవాబు వ్రాసెను?

ఇక మా కురవికి వత్తము. వీరభద్రస్వామి క్షేత్రముగ ఈ యూరు ప్రసిద్ధము. వాఙ్మయచరిత్ర చదివినవారు మఱియొక కారణమునను దీని నెఱుగుదురు. వేయియేండ్లనాటి కొరవి శాసనము తెలుగు వచనమునకు తొలి సాక్ష్యములలో నొకటి. ఱాతిపై తెలుగు వచనము నిలిచిన ఈ సీమలో నేటి పిల్ల కాగితముపై ఒక పుట వచనమును చదివి గ్రహింపగలదా?

చుట్టుపట్ల లంబాడీ తండాలు మెండు. ఒక తండా బడిలో మూడవ తరగతి బాలిక నొకతెను పాఠము చదువుమంటిని. ఆంగ్లవాక్యములను గడగడ చదివెను. అర్థమేమని తెలుగున అడిగితిని, తలవంచుకొని నిలిచినది. పుస్తకములోని మేక బొమ్మను చూపితిని, పలుకలేదు. అంతట ఐదవ తరగతి పిల్ల యొకతె వారి గోర్‌బోలిలో ఏదో అడిగినది. వెంటనే ఆ బాలిక చేతులు త్రిప్పుచు, కన్నులు పెద్దవి చేయుచు తమ యింటి మేక కథ యంతయు చెప్పినది. తరగతి యంతయు నవ్వినది. నవ్వనివాడను నేనొక్కడనే, ఏలయన నాకు వారి మాట రాదు. సంస్కృతము, ఆంగ్లము చదివిన నేను నా యెదుటి పిల్ల భాషలో నిరక్షరాస్యుడను. ఆ సాయంకాలము ఫారములో ‘ధారాళముగ చదువును’ అను గడిలో గుర్తు పెట్టితిని. అది అబద్ధము కాదు; నిజమును గాదు. ఇట్టి గుర్తులు కూడి జిల్లా సంఖ్యయగును. జిల్లాలు కూడి రాష్ట్రపు సంఖ్యయగును. ఆ దోషమున నా వంతును నేను దాచుకొనను.

2022-23 మొదలుకొని తెలంగాణ ప్రభుత్వ పాఠశాలలలో ఒకటవ తరగతినుండి ఎనిమిదవ తరగతివఱకు ఆంగ్లమాధ్యమమును ప్రవేశపెట్టిరి. ఒక ప్రక్క తెలుగు, ఒక ప్రక్క ఆంగ్లము గల పుస్తకముల నిచ్చిరి. పేదవాడు తన బిడ్డకు ఆంగ్లము కావలెననుట దోషము కాదు; ధనవంతుడు ఏనాడో కొనుక్కొన్నదానినే అతడు కోరుచున్నాడు. కాని తండా పిల్లకు ఆ పుస్తకమున రెండు ప్రక్కలును పరభాషలే. గురుకులములున్నవిగదా యందురు. 1971లో సర్వేలులో మొదలైన ఆ మార్గము ఎందఱినో పైకి తెచ్చినది, నేను కృతజ్ఞుడను. అయితే గురుకులమున చోటు దొరకనివారు తండా బడిలోనే మిగులుదురు. వారి చదువు ఎవరి పూచీ?

కావున నా సూచన ఇది. రాష్ట్రమును రాష్ట్రముతో తూచుటకు ముందు, ప్రతి మండలమున తండా బడిని బజారు బడితో తూచుడు. మూడవ తరగతి పిల్ల ఒక పుట చదివి తన మాటలలో చెప్పగలదా, ఏడాదిలో ఎన్ని దినములు ఆమె యెదుట ఉపాధ్యాయుడు నిలిచెను, ఈ రెండే ప్రశ్నలు చాలును. జవాబులను ఢిల్లీకి పంపుటకు ముందు గ్రామసభలో తల్లిదండ్రుల యెదుట చదువుడు. విద్యాహక్కు చట్టము బడిబడికి తల్లిదండ్రుల సంఘమును విధించినది ఇందుకే. తొలి రెండేండ్లు తండా భాష తెలిసినవారిని తరగతిలో నిలుపుడు. చదువుకొన్న యువతులు ప్రతి తండాలో నున్నారు.

ప్రభుత్వోద్యోగులు తమ బిడ్డలను ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలకే పంపునట్లు ఏర్పాటు చేయవలయునని 2015లో అలహాబాదు ఉన్నత న్యాయస్థానము ఉత్తరప్రదేశ ప్రభుత్వము నాదేశించినది. ఆ తీర్పు ఆచరణకు రాలేదు. వచ్చియుండిన, పట్టికల యక్కఱయే తగ్గియుండెడిది. తన బిడ్డ కూర్చున్న బడి యెట్లున్నదో అధికారికి ఎవరును చెప్పనక్కఱలేదు.

చదువరులారా, కేరళమునకును మనకును నడుమ దూర మెక్కువ. కురవి బజారునకును తండాకును నడుమ దూరము కొన్ని మైళ్లే. ముందు ఆ కొన్ని మైళ్లు నడచి, ఆ పిల్ల చెప్పు మేక కథ విని వత్తము. పట్టికలో మన స్థానమును గూర్చి ఆ పిమ్మట మాటాడుకొందము.