లెక్కల పెట్టెకు కావలిపెట్టె

పొదుపు సంఘమొకదానికి లెక్కలు వ్రాయుచున్న సోదరి యొకరు మాకొక జాబు పంపినారు. ఆమె సంఘము చిట్టాను, ఆవర్జాను మైక్రోసాఫ్టు యాక్సెస్ అను డేటాబేసులో ఉంచినారు. ఉద్యోగమునకై దూరదేశమునకు పోవుచు ఆమె కుమారుడు, ప్రతిరాత్రి ఆ లెక్కలకు తనంతట నకలు తీయు మరియొక డేటాబేసును కూర్చి యిచ్చిపోయినాడట. "ఇక కాగితపు పుస్తకము మానివేయవచ్చునా?" యని యామె ప్రశ్న. ముప్పదిమంది స్త్రీల సొమ్ము ఆ లెక్కలయందున్నది గావున మేము తొందరపడి యుత్తర మీయలేదు.

నకలు తీయుటకు రెండవ డేటాబేసు ఏల? ఒకరు లెక్క వ్రాయుచుండగా ఫైలును నకలు తీసినచో, సగము వ్రాసిన పద్దు నకలులో చేరవచ్చును. యాక్సెస్‌లో ఫైలును సర్ది క్రొత్త ప్రతి తీయుటకు "కంపాక్ట్ డేటాబేస్" అను ఆజ్ఞ కలదు. అది మూసియున్న ఫైలుమీదనే పనిచేయును. పెట్టెలో కూర్చుండి ఆ పెట్టెనే యెత్తుట యెవరి తరము? కావున వెలుపలనుండి యెత్తువారు కావలెను.

ఆ పని యిట్లు జరుగును. నియమించిన వేళకు విండోస్‌లోని టాస్క్ షెడ్యూలర్ రెండవ డేటాబేసును తెరచును. తెరచినంతనే "ఆటోఎగ్జెక్" అను మాక్రో అందులోని కోడును నడపును. ఏ ఫైలుకు నకలు తీయవలెనో, ఎచ్చట నుంచవలెనో ఆ కోడు తన పట్టికలో చూచుకొనును. లెక్కల ఫైలు ప్రక్కన తాళపు ఫైలున్నచో, ఎవరో పనిలో నున్నారని తలంచి ఆగును. లేనిచో ఆనాటి తేదీని పేరుగా పెట్టి క్రొత్త ప్రతి తీసి, తీసిన సంగతిని తన పట్టికలో వ్రాసికొనును.

ఇంతవరకు బాగే. అయితే కంప్యూటరు ఆ రాత్రి ఆపివేసియున్నచో ఈ పని జరుగదు. జరుగలేదని చెప్పువారును ఉండరు. ఇందుకు గొప్ప నిదర్శన మొకటి కలదు. గిట్‌ల్యాబ్ అను సంస్థ ప్రోగ్రాములు వ్రాయువారి పనిని భద్రపరచునది. 2017 జనవరి 31వ తేదీన అచ్చటి యుద్యోగి యొకడు పొరపాటున అసలు డేటాబేసునే తుడిచివేసినాడు. నకళ్లకై వెదుకగా, దినదినము తనంతట జరుగవలసిన నకలు అసలు జరుగుటయే లేదని తెలిసినది. నకలు తీయు ప్రోగ్రాము పాతది, డేటాబేసు క్రొత్తది, రెంటికి పొసగలేదు. పని తప్పినదని తెలుపు ఈమెయిళ్లు సయితము తిరస్కరింపబడి యెవరికిని చేరలేదు. సుమారు ఆరుగంటలకు ముందు వేరొక పనికై ఒకరు చేతితో తీయించిన ప్రతి దొరకుటచే మిగిలినది దక్కినది; ఆ ఆరుగంటల మార్పులు మాత్రము పోయినవి.

అంతటి నిపుణులకే యిట్లు జరిగినప్పుడు మనమెంత? యంత్రము నకలు తీయగలదు గాని, ఆ నకలు పనికివచ్చునో లేదో తెరచి చూచువారు మనమే.

కావున మా సోదరికి మా మాట యిది. ప్రతి వారము కావలి డేటాబేసు పట్టికను చూచి, ఏ రాత్రి పద్దు లేదో గుర్తింపుడు. నెలకొకసారి యొక నకలును తెరచి, అందులోని నిలువను కాగితపు పుస్తకములోని నిలువతో సరిచూడుడు. ఒక ప్రతిని పెన్‌డ్రైవులో నెక్కించి వేరొక యింట నుంచుడు. కంప్యూటరు చెడినచో అందులోని నకళ్లును దానితోనే పోవును. ఇట్లు మూడు నెలలు తప్పక సరిపోయినపిమ్మట కాగితపు పుస్తకమును మానవచ్చును. సరిచూచుట మాత్రము ఎన్నడును మానరాదు.