ఎదురుచూచు దినములు

సోదరీమణులారా!

క్రిందటి మాసమున ఈ పుటలో నా వ్రాత కానరాలేదు. దాచనేల? నా గుండెకు శస్త్రచికిత్స జరుగవలసియున్నది. దినము నిశ్చయమైనది, ఇంకను మూడు వారములు గలవు. ఈ యెదురుచూపులో నేను నేర్చిన సంగతులనే యీ నెల మీకు మనవి చేసెదను.

మెట్లెక్కునపుడు నాకు ఆయాసము కలుగుచుండెను. ఇంటిచాకిరి చేయు ఆడుదానికి ఆయాసము సహజమేయని యేడాదికాలము సరిపెట్టుకొంటిని. తుదకు మావారు పాఠశాలకు సెలవుపెట్టి నన్ను వైద్యునికడకు గొనిపోయిరి. ఎకో పరీక్షయందును, సి.టి. స్కానునందును సంగతి తేటపడినది.

గుండెనుండి దేహమంతటికి రక్తమును పంపు పెద్దనాళమునకు బృహద్ధమని యని పేరు. దాని ద్వారమునందలి కవాటమునకు మూడు రేకులుండవలెను. నాకు పుట్టుకతోనే రెండు. సుమారు నూటికొకరి కిట్లుండునట. కవాటము సరిగా మూయబడక రక్తము వెనుకకు కారుచున్నది. మూడు సెంటీమీటర్ల వెడల్పున నుండవలసిన ధమని అయిదున్నరకు ఉబ్బినది, చీలినయెడల ప్రాణాపాయము. కావున ఆ కవాటమును, ఉబ్బిన భాగమును తీసివైచి, కృత్రిమ కవాటము గల గొట్టము నమర్తురు. 1968లో హ్యూ బెంటాల్ అను ఆంగ్ల వైద్యుడు, ఆంథొనీ డి బోనోతో గూడి ఈ పద్ధతిని వెల్లడించెను. అంతవఱకు గుండెను నిలిపి, దాని పనిని యంత్రముచే జరిపింతురు.

ఇంత విన్న పిదప నా నోట వెడలిన తొలిమాట యేదనుకొన్నారు? “ఆవకాయ పెట్టి పోరాదా?” అని! నవ్వకుడు, మీలో ననేకులు అట్లే యందురు. మా అత్తగారు, “అమ్మాయీ, జాడీ పగిలిన మఱియొకటి కొందుము. నిన్నెక్కడ కొనగలము?” అనిరి. నాటినుండి బిందెలు మావారు మోయుచున్నారు. ఊపిరి బిగబట్టి బరువెత్తిన రక్తపోటు హఠాత్తుగ పెరుగును. ఉబ్బిన ధమని దానిని తాళజాలదు. మాత్రలు ఒక్కపూటయు మానరాదు. పండ్లనుగూడ చూపించుకొంటిని, చిగుళ్లలోని సూక్ష్మజీవులు రక్తమున బడి క్రొత్త కవాటమును చెఱుపవచ్చును. రొమ్మునగాని వీపునగాని చీల్చినట్టి నొప్పి తోచిన, తెల్లవారువఱకు ఆగక ఆసుపత్రికి పోవలయును.

ఒక సంగతి స్త్రీలమైన మనకు ముఖ్యము. యంత్రపు కవాటము చిరకాలము మన్నును గాని, రక్తము గడ్డకట్టకుండ వార్ఫరిన్ మాత్రను బ్రదికినంతకాలము సేవింపవలెను; అది గర్భస్థశిశువునకు హాని చేయవచ్చును. జంతుకణజాలపు కవాటమునకు ఆ బాధ తక్కువ గాని, అది త్వరగ అరుగును. సంతానము కోరువారు ఈ మాటను సిగ్గుపడక ముందే వైద్యునితో చెప్పవలయును. నాకు ఇద్దఱు బిడ్డలున్నారు గనుక యంత్రపుదానినే కోరుకొంటిని.

పగలు ధైర్యముగనే యుందును. రాత్రి యెడమప్రక్కకు తిరిగి పండుకొన్నచో దిండులో నా గుండెచప్పుడే వినబడును. అపుడు బిడ్డల మొగములు చూచి కన్నీరాపుకొనజాలను. ఒకనాడు, గుండెచికిత్స చేయించుకొని యెనిమిదేండ్లైన పిన్నిగారొకరు మాయింటికి వచ్చిరి. ఊరడింపుమాటలేవియు ఆడక, పైట కొంచెము తొలగించి రొమ్ముమీది మచ్చను చూపిరి. పిదప కాఫీ త్రాగి, నడిచియే యింటికి పోయిరి. అశోకవనమున సీతమ్మవారికి అంగుళీయకమెట్టిదో, నాకా మచ్చ యట్టిది. ఆ రాత్రి నిదురపోతిని.

ఈ లోపము రక్తసంబంధులయందును కానవచ్చును. మా చెల్లెలికి ఎకో చేయించితిమి, దోషము లేదు. మా అమ్మాయికి వచ్చే సోమవారము. నా చికిత్సకంటె ఆ సోమవారమే నన్నెక్కువ భయపెట్టుచున్నది.

సోదరీమణులారా! ఆయాసమును ఓర్పని పిలువకుడు. ఎదురుచూచు దినములును చికిత్సలోని భాగమే. ఆ దినములలో పని మానుట సోమరితనము గాదు. వచ్చే నెల ఈ పుటలో నేను లేకున్న కలతపడకుడు. మాయింటి జాడీలవలె నేనును ఈ యేడు విశ్రాంతి గైకొనుచున్నానని యెంచుడు.

ఇట్లు,
మీ సోదరి